రాయి వేడెక్కితే లోపల ఏమైతది?

ఎల్లందు, కొత్తగూడెం వైపు నుంచి వచ్చినవాళ్లకు ఈ కథ తెలిసే ఉంటది. 1870 ప్రాంతంలో భద్రాచలం రాములవారి దర్శనానికి పోయే యాత్రికులు ఎల్లందు దగ్గర ఆగి, అక్కడ దొరికిన నల్లరాళ్లు మూడు పెట్టి, వంట మొదలు పెట్టిన్రంట. కట్టెలతో పాటు పొయ్యి రాళ్లు కూడా అంటుకున్నాయట! ఈ ముచ్చట ఆ నోటా ఈ నోటా పాకింది. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ అక్కడ బొగ్గు ఉందని తేల్చాడు. సింగరేణి చరిత్ర అక్కడే మొదలు.

యాత్రికుల కథ ఎంతవరకు నిజమో గాని, అందులో ఒక మంచి ప్రశ్న దాగి ఉంది. ఆ రాళ్లలో మండింది బొగ్గు. మరి మండనిది ఏమైంది?

బూడిద అయింది అంటారు మీరు. నిజమే. గోదావరి లోయ బొగ్గులో బూడిద ఎక్కువ. నూరు కిలోలు కాలిస్తే ముప్పై, నలభై కిలోలు బూడిద మిగిలే రకాలు చాలా ఉన్నాయి. అదంతా బొగ్గుతో పాటు పుట్టిన మట్టి, ఇసుక, సున్నం, ఇనుము. వీటినే ఖనిజాలు అంటాం. అవి మండలేదు గాని, ఊరికే కూడా కూచోలేదు. వేడి తగిలిన కొద్దీ నీళ్లు వదిలినయి, గ్యాసు వదిలినయి, ఒకదానితో ఒకటి కలిసి కొత్త ఖనిజాలు అయినయి. ఈ పని పొయ్యిలో జరిగితే మనకు బూడిద కనబడుతుంది. భూమి లోపల జరిగితే ఏమీ కనబడదు. అందుకే దాని గురించి రాయాలనిపించింది.

బొగ్గుకు చుట్టం వరుసయ్యే రాయి ఒకటుంది. దాని పేరు ఆయిల్ షేల్. షేల్ అంటే బురద గట్టిపడి పొరలు పొరలుగా తయారైన రాయి. పేరులో ఆయిల్ ఉంది గాని, ఎంత పిండినా చుక్క నూనె రాదు. కోట్ల ఏండ్ల కింద చెరువుల అడుగున, సముద్రాల అడుగున నాచు, సన్నటి జీవులు చచ్చి బురదలో కలిసినయి. అదే లోపల మైనం లాంటి పదార్థంగా మిగిలింది. దాన్ని కెరోజెన్ అంటారు. గాలి తగలకుండా దాన్ని 350 నుంచి 500 డిగ్రీల దాకా వేడి చేస్తే విరిగి నూనె, గ్యాసు అవుతుంది. (ఇక్కడ రాసిన డిగ్రీలన్నీ సెంటిగ్రేడు.) అమెరికాలోని కొలరాడోలో, ఎస్టోనియా అనే చిన్న దేశంలో ఈ రాయి బాగా ఉంది. మన దేశంలో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్ వైపు బొగ్గు పొరల వెంట ఉంది.

దీన్ని తవ్వి పైకి తెచ్చి కొలిమిలో వేయొచ్చు. లేదంటే తవ్వకుండానే భూమికి బోర్లు వేసి, లోపలికి కరెంటు హీటర్లు దింపి, రాయిని ఉన్నచోటనే ఉడికించి నూనెను పైకి లాగొచ్చు. గుట్ట తవ్వే పని లేదు, చెట్టు కొట్టే పని లేదు. వినడానికి ఎంత బాగుంది! కాని నూరు కిలోల రాయిలో కెరోజెన్ పదిహేను కిలోలు ఉంటే అదే మంచి రాయి కింద లెక్క. మిగతా 85 కిలోలు ఖనిజాలే. పదిహేను కిలోల కోసం నూరు కిలోలనూ వేడి చేయాలి. ఆ 85 కిలోలు లోపల ఏం చేస్తాయి అన్నదే అసలు సంగతి.

అది తెలుసుకోవడానికి కొలరాడో దాకా పోనక్కరలేదు. మన తుక్కుగూడ నుంచి ఇబ్రహీంపట్నం వైపు పోయే దారుల్లో ఇటుక బట్టీలు ఉన్నాయి. మనలో కొందరి అమ్మానాయినలు బట్టీల్లో పని చేసిన వాళ్లే. కాబట్టి వాళ్లకు తెలిసిన సంగతినే నేను సైన్సు మాటల్లో చెబుతున్నాను.

పచ్చి ఇటుకను బట్టీలో పెట్టంగనే మొదట పోయేది తడి. నూరు డిగ్రీలు దాటితే మట్టి రేణువుల మధ్య నీరు ఆవిరైపోతుంది. అంతటితో నీరు అయిపోలేదు. బంకమట్టి ఖనిజం లోపలనే, దాని కట్టుబడిలో భాగంగా ఇంకొంత నీరు దాగి ఉంటది. 450 నుంచి 600 డిగ్రీల మధ్య అది కూడా బయటికి వస్తుంది. ఆ తర్వాత మట్టి మళ్లీ మట్టి కాదు. పచ్చి ఇటుకను నీళ్లలో వేస్తే కరిగి బురద అవుతుంది, కాలిన ఇటుక కరగదు. తేడా ఇదే. ఇంకా వేడి పెంచి వెయ్యి డిగ్రీల దగ్గరికి పోతే ముల్లైటు అనే కొత్త ఖనిజం పుడుతుంది. కొత్తగూడెం, రామగుండం కరెంటు ఫ్యాక్టరీల బూడిదలో కూడా ఈ ముల్లైటు ఉంటుంది.

ఇటుక ఎర్రగా ఎందుకు ఉంటది? మట్టిలోని ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఎర్ర ఆక్సైడు అవుతుంది కాబట్టి. కాని సరిగ్గా కాలని ఇటుకను పగలగొట్టి చూడండి. పైన ఎరుపు, నడుమ నలుపు! లోపలికి గాలి అందలేదు. అక్కడి చెత్త, ఊక కాలక బొగ్గుగానే మిగిలింది, ఇనుము కూడా ఎర్రబడలేదు. భూమి లోపల గాలి లేకుండా షేల్‌ను వేడి చేస్తే అచ్చం ఈ నల్ల గర్భం లాగే ఉంటది. గాలి తగిలి మండితే ఎర్రగా మారుతుంది. జార్ఖండ్‌లో ఝరియా అనే చోట 1916 నుంచి భూమిలోపల బొగ్గు మంటలు ఉన్నాయి. అలా మంట నడిచిన చోట బొగ్గు పైన ఉండే షేల్ పొర ఇటుకలా ఎర్రగా కాలిపోతుంది. ఎవరూ పెట్టని బట్టీ అది.

ఇక సున్నం సంగతి. ఇది కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. బట్టీ మట్టిలో చిన్న సున్నపురాయి గుండు ఒకటి పడిందనుకోండి. ఇటుక కాలినంక బాగానే కనబడుతుంది. వాన పడ్డాక ఆ చోట పొంగి, ఇటుక పెచ్చు ఊడి, తెల్లని పొడి బయటపడుతుంది. ఎందుకు? సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేటు. బాగా వేడెక్కితే కార్బన్ డయాక్సైడ్ గ్యాసు పోయి పొడి సున్నం మిగులుతుంది. దాని మీద నీళ్లు పడితే మళ్లీ వేడి పుట్టించుకుంటూ ఉబ్బుతుంది. సున్నం తొట్టిలో నీళ్లు పోస్తే సలసల మరిగేది మనం చూసిందే గదా.

నూరు కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి కాలితే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోల గ్యాసు గాలిలో కలుస్తుంది. అంతే కాదు, ఈ పని ఊరికే జరగదు, చాలా వేడి తింటుంది. ఒక్క కిలో సున్నపురాయిని విడగొట్టడానికే పట్టే వేడితో ఐదు లీటర్లకు పైగా చన్నీళ్లను మరగబెట్టవచ్చు. రాయిని ఆ వేడి దాకా తీసుకుపోయే ఖర్చు వేరే. కొలరాడో ఆయిల్ షేల్‌లో సున్నపురాయి ఖనిజం, దాని అన్న లాంటి డోలమైటు చాలా ఎక్కువ. డోలమైటులో కాల్షియంతో పాటు మెగ్నీషియం కూడా ఉంటది. ఖమ్మం జిల్లా మాదారంలో విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ కోసం తవ్వింది ఈ రాయినే. వేడి పెరిగే కొద్దీ ముందు డోలమైటులోని మెగ్నీషియం భాగం గ్యాసు వదులుతుంది, తర్వాత కాల్షియం భాగం వదులుతుంది. అంటే నూనె కోసం మనం పెట్టిన మంటను ఈ రాళ్లు మధ్యలోనే తినేసి, బదులుగా పనికిరాని గ్యాసు ఇస్తాయన్నమాట.

ఇక్కడ ఒక తమాషా ఉంది. సున్నపురాయి ఏ వేడికి విడిపోతుంది అన్నది దాని చుట్టూ ఏ గ్యాసు ఉంది అన్న దాని మీద ఆధారపడుతుంది. చుట్టూ కార్బన్ డయాక్సైడే నిండి ఉంటే, మామూలు గాలి ఒత్తిడిలో దాదాపు 900 డిగ్రీల దాకా అది కదలదు. గాలి ఆడుతూ గ్యాసును తీసుకుపోతుంటే అంతకన్నా తక్కువ వేడికే విడిపోతుంది. భూమి లోపల మూత పెట్టిన కుండ లాంటి పరిస్థితి. వచ్చిన గ్యాసు తప్పించుకోలేక అక్కడే నిలబడి, మిగతా రాయిని విడిపోకుండా ఆపుతుంది. కాని పక్కన ఇసుక ఖనిజం, అంటే క్వార్ట్జ్, మట్టి ఖనిజాలు ఉంటే కథ మళ్లీ మారుతుంది. బాగా వేడెక్కితే అవి సున్నంతో, మెగ్నీషియంతో కలిసి సిలికేట్లు అనే కొత్త ఖనిజాలు అవుతాయి. అందుకే ఒకే రాయి పైన కొలిమిలో ఒక రకంగా, నేల లోపల ఇంకో రకంగా నడుచుకుంటుంది. పుస్తకంలో ఒక్క అంకె చూసి ఇంతే అనుకోవడానికి వీల్లేదు.

కొలరాడో రాయిలో మన వంటింటి సరుకు కూడా ఉంది. నాకొలైటు అనే ఖనిజం. పేరు కొత్తగా ఉంది గాని అది వట్టి వంట సోడా! మిరపకాయ బజ్జీల పిండిలో వేసేది. వేడికి పిండి ఎందుకు పొంగుతుందో, నేల లోపల అదే జరుగుతుంది. నూరు డిగ్రీలు దాటిన కొద్దిసేపటికే సోడా విడిపోయి నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. మిగిలేది బట్టల సోడా. కెరోజెన్ ఇంకా నిద్ర లేవకముందే ఇదంతా అయిపోతుంది. బట్టల సోడా నీళ్లలో ఇట్టే కరుగుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ చెబుతాను.

ఇంకొకటి పైరైటు. ఇనుము, గంధకం కలిసి పసుపుగా మెరిసే ఖనిజం. బంగారం దొరికిందని మోసపోయిన వాళ్లు చాలా మంది ఉన్నారు. గాలి లేకుండా వేడి చేస్తే, నూనెతో పాటు వచ్చే హైడ్రోజన్ దీని గంధకాన్ని లాక్కుంటుంది. అప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కుళ్లిన గుడ్డు వాసన గ్యాసు, ఎక్కువైతే ప్రాణం తీస్తుంది. పక్కన కాలిన సున్నం ఉంటే ఈ గంధకాన్ని కొంత పట్టుకుంటుంది. ఒక ఖనిజం చేసిన చెడును ఇంకో ఖనిజం ఆపుతుందన్నమాట. అదే పైరైటుకు గాలి, తడి తగిలితే ఇంకో దారి పడుతుంది. వేడి పుట్టిస్తూ గంధకామ్లం తయారవుతుంది. ఆ ఆమ్లం మట్టిలోని అల్యూమినియాన్ని కరిగిస్తే పటిక కూడా వస్తుంది. స్వీడన్ దేశంలో వెనకటి కాలంలో ఇలాంటి షేల్‌ను కాల్చి పటిక తీసేవాళ్లు, అందుకే అక్కడ ఆ రాయికి పటిక షేల్ అనే పేరు. మనం బురద నీళ్లను తేర్చడానికి వేసే పటికే అది.

అదే స్వీడన్‌లో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బయటి నుంచి నూనె రావడం కష్టమైంది. అప్పుడు క్వార్న్‌టార్ప్ అనే చోట ఫ్రెడ్రిక్ ల్యుంగ్‌స్ట్రామ్ అనే ఇంజనీరు పద్ధతిలో నేలకు బోర్లు వేసి, కరెంటు హీటర్లు దింపి, షేల్‌ను భూమిలోనే కాచి నూనె తీశారు. నేల లోపల రాయిని కాచిన తొలి పెద్ద పని అదే. రాయిని తవ్వి పైన కాల్చిన పని కూడా అక్కడ నడిచింది. ఆ ఫ్యాక్టరీ 1966లో మూతపడింది. కాని కాల్చి పారబోసిన షేల్ సుమారు నూరు మీటర్ల ఎత్తు గుట్టగా అక్కడే ఉంది. అరవై ఏండ్లు కావస్తున్నా దాని లోపల ఇంకా వేడిగానే ఉంది. మిగిలిపోయిన కర్బనం, గంధకం గాలి పీల్చుకుంటూ లోపల రగులుతూనే ఉన్నాయి. మంట ఆర్పేసి ఇంటికి పోయినా ఖనిజాల పని ఆగదు అనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

కొలరాడోలో షెల్ కంపెనీ ఇంకో తీరుగా చేసింది. ఎక్కువ మంట పెట్టకుండా, 350 డిగ్రీల అటూ ఇటూ ఉంచి, ఏండ్ల తరబడి రాయిని సన్నని సెగ మీద కాచింది. మన అవ్వలు పాలు కాచినట్టు. అంత తక్కువ వేడికి సున్నపురాయి, డోలమైటు చాలా వరకు విడిపోవు, కాబట్టి మంట వాటి కడుపులోకి పోదు. కెరోజెన్‌కు మాత్రం ఆ వేడి చాలు, టైము కావాలి అంతే. వచ్చే నూనె కూడా పలచగా, మంచిగా ఉంటది. చుట్టూ నీళ్లు లోపలికి రాకుండా, లోపలి మురికి బయటికి పోకుండా నేలనే గడ్డకట్టించి మంచు గోడ కట్టి చూశారు. ఒక ప్రయోగంలో సుమారు 1,700 పీపాల నూనె వచ్చింది. అయినా 2013లో ఆ పని ఆపేశారు. తెలివైన పద్ధతి అని నాకనిపిస్తుంది. కాని రాయిని ఏండ్ల కొద్దీ వేడిగా ఉంచడానికి అయ్యే కరెంటు, మంచు గోడకు అయ్యే కరెంటు కలిపి ఆలోచిస్తే, తేలిగ్గా గిట్టుబాటు అయ్యే పని కాదని ఎవరికైనా అర్థమైతది.

ఇప్పుడు మన బొగ్గుబాయిలకు వద్దాం. సింగరేణిలో ఎవరూ హీటర్లు దింపరు. అయినా బొగ్గు భూమి లోపల దానంతట అదే వేడెక్కుతుంది! బొగ్గు తీసేసిన ఖాళీ జాగాను గోఫ్ అంటారు. అక్కడ కొంత బొగ్గు చూరు మిగిలి ఉంటది. సందుల గుండా కొద్ది కొద్దిగా గాలి చేరుతుంది. బొగ్గు ఆ గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని వెచ్చబడుతుంది. గాలి బాగా ఆడితే ఆ వేడి కొట్టుకుపోయేది. అసలు లేకపోతే వేడే పుట్టేది కాదు. సగం సగం ఉండడమే ప్రమాదం. పెద్ద పెంటకుప్పలో చెయ్యి పెడితే లోపల వెచ్చగా ఉండడం చూశారు గదా, దాదాపు అట్లనే. పైరైటు ఎక్కువ ఉన్న చోట అది కూడా తోడవుతుంది. మన గోదావరి బొగ్గులో గంధకం తక్కువే కాబట్టి ఇక్కడ పైరైటును పెద్ద దోషిగా చెప్పలేం, దోషి బొగ్గే.

మంట కనబడక ముందే దీన్ని గుర్తు పట్టాలి. బాయిలో గాలిని పరీక్షించి కార్బన్ మోనాక్సైడ్ ఎంత ఉందో, ఆక్సిజన్ ఎంత తగ్గిందో లెక్క చూస్తారు. ఆ లెక్క పెరుగుతూ ఉంటే లోపల ఎక్కడో రగులుతోందని అర్థం. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు, ప్రాణం తీస్తుంది. అప్పుడు ఇటుక గోడలు కట్టి ఆ జాగాను మూసేస్తారు, ఇసుకను నీళ్లతో కలిపి లోపలికి నింపుతారు, నైట్రోజన్ కూడా పంపుతారు. ఇసుకనే ఎందుకు? ఇసుకలో ఎక్కువ ఉండే క్వార్ట్జ్ ఎంత వేడి పెట్టినా గ్యాసు వదలదు. అదే సున్నపురాయి పొడిని అయితే మంటల మీద చల్లి చూశారు, అది వేడి తిని, కార్బన్ డయాక్సైడ్ ఇచ్చి మంటను అణుస్తుంది. బాయిల దారుల్లో బొగ్గు దుమ్ము పేలకుండా సున్నపురాయి పొడి చల్లే ఆచారం కూడా అందుకే ఉంది. నూనె తీసేవాళ్లకు నష్టం చేసే ఆ గుణమే బొగ్గుబాయిలో మనిషిని కాపాడుతుంది.

ఇదంతా మనకెందుకు అని అడగొచ్చు. 2015 డిసెంబరులో భారత ప్రభుత్వం భూమిలోపలనే బొగ్గును కాల్చి గ్యాసుగా మార్చి పైకి తీసే పనికి ఒక విధానాన్ని ఆమోదించింది. బొగ్గు ఉన్న చోట్లు ఏవి? గోదావరి ఒడ్డున, అడవి అంచున. కోయలు, గోండులు, లంబాడోళ్లు ఉండే ఊళ్లు, తాండలు. అక్కడ చాలా ఇండ్లకు బావి, బోరింగే దిక్కు. నేల లోపల రాయిని కాచినంక ఖనిజాలు మారిపోయి ఉంటాయని పైన చదివారు. బట్టల సోడా, సున్నం, గంధకం ఉప్పులు, ఇంతకు ముందు రాయిలో గట్టిగా బిగిసి ఉన్న లోహాలు, ఇవన్నీ ఇప్పుడు వదులైనయి. వేడి తగ్గినంక ఊట నీళ్లు మళ్లీ ఆ జాగాలోకి వస్తాయి. వచ్చిన నీళ్లు వీటిని కరిగించుకుని పోతాయి. ఎస్టోనియాలో షేల్ బూడిద గుట్టల నుంచి కారే నీళ్లు సున్నపు తేట లాగా ఘాటు క్షారంగా ఉంటాయి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ఒక కంపెనీ భూమిలోపల బొగ్గు కాల్చిన చోట గ్యాసులు రైతుల భూముల కిందికి పాకినయి. 2016లో అక్కడి ప్రభుత్వం ఆ పద్ధతినే నిషేధించింది. 2018లో కోర్టు ఆ కంపెనీకి 45 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది.

అట్లని భూమిలోపల ఏ పనీ చేయకూడదని నేను అనడం లేదు. కాని రేపు ఎవరైనా మన ఊరికి వచ్చి బోరు వేస్తాం, లోపల కాలుస్తాం, పైన ఏమీ కాదు అంటే, బొగ్గు ఎంత ఉంది అని కాకుండా ముందు ఇవి అడగాలి. ఆ రాయిలో సున్నం ఎంత? గంధకం ఎంత? మట్టి ఏ రకం? ఊట నీరు ఎంత లోతులో ఉంది, ఎటు పారుతుంది? పని అయిపోయినంక ఎన్నేండ్లు బావుల నీళ్లు పరీక్షిస్తారు? పదో తరగతి చదివిన వాళ్లు అడగగలిగిన ప్రశ్నలే ఇవి.

చివరగా ఒక పరీక్ష. మన హాస్టలు వరండాలో లాగా చాలా చోట్ల తాండూరు బండలు పరిచి ఉంటాయి. విరిగిన ముక్క ఒకటి తీసుకుని, మేకుతో గీకి కొంచెం పొడి రాల్చండి. ఆ పొడి మీద నిమ్మరసం చుక్కలు వేయండి. సన్నగా బుడగలు వస్తే అది సున్నపురాయి. వేడికి పోయే కార్బన్ డయాక్సైడే ఇక్కడ పులుపుకు పోతుంది. బయట దొరికే గుండ్రాయి మీద వేస్తే బుడగలు రావు, అది గ్రానైటు. రాళ్లను మాత్రం పొయ్యిలో వేయొద్దు. తడి రాయి లోపలి ఆవిరికి టప్పున పేలి కండ్లలో పడుతుంది. సంక్రాంతి సెలవులకు ఊరికి పోయేవాళ్లు మీ ఊరి రాయి ముక్క ఒకటి, మీ దగ్గరి బట్టీలో సగం కాలిన ఇటుక ముక్క ఒకటి తీసుకొని రండి. ఊరి పేరు చీటీ మీద రాసి కట్టండి. వార్డెన్ సార్ ఒప్పుకుంటే ఈ గోడపత్రిక కింద బల్ల మీద వాటిని పేర్చి పెడదాం.